ఫెస్ట్ పదింటికే ఎందుకు ఆపేశారన్నా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, మెయిళ్లు ముందేసుకుని కూర్చుంటే సగానికి పైగా సౌండ్ గొడవలే. ఒకరేమో సౌండ్ ఆపేశారని, ఇంకొకరు ఆపట్లేదని. మిగతావి హాస్టలు, బస్సు, ఓటు. హైదరాబాద్ స్టూడెంట్ల బతుకంతా వీటి చుట్టూనే తిరుగుతుంది కాబట్టి దేన్నీ పక్కన పెట్టలేదు, కాకపోతే కొన్నింటికి ఎక్కువ రాశాను, కొన్నింటికి రెండు ముక్కలే.

అన్నా, మాది సిటీ చివర ఇంజినీరింగ్ కాలేజీ. నాలుగు నెలలు ప్రాక్టీస్ చేసి ఫెస్ట్‌లో స్టేజీ ఎక్కితే రెండు పాటలు కాగానే పోలీసులొచ్చి సౌండ్ బంద్ చేయించారు. టైం పది దాటి ఐదు నిమిషాలే. బరాత్‌లు అర్ధరాత్రి దాకా నడుస్తున్నాయి, సభలు నడుస్తున్నాయి, స్టూడెంట్లంటేనే లోకువా?
*— గిటార్ మోసుకుని ఇంటికొచ్చిన థర్డ్ ఇయర్ వాడు*

తమ్మీ, నీ బాధ నాకు తెలుసు, నేనూ ఇలాగే వైర్లు చుట్టుకుని దిగిపోయినవాణ్ణే. కానీ ఆ పోలీసాయన చేసింది తప్పు కాదు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 దాకా. ఆ టైంలో ఆరుబయట లౌడ్‌స్పీకరే కాదు, మైకు లేకుండా వాయించే వాద్యం కూడా కుదరదు. పండగలకి, సాంస్కృతిక కార్యక్రమాలకి రాష్ట్ర ప్రభుత్వం 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు, అది కూడా ఏడాది మొత్తం మీద 15 రోజులకి మించకూడదు. ఆ 15 రోజులు ఎవరి పండగలకి పోతాయో నీకు నేను చెప్పక్కర్లేదు. నడిచే బరాత్‌లన్నీ పర్మిషన్‌తో నడుస్తున్నాయని కాదు, వాటి మీద ఎవరూ ఫోన్ చేయలేదనో, చేసినా ఎవరూ రాలేదనో అర్థం. అది అన్యాయమే. కాకపోతే పక్కవాడు తప్పించుకున్నాడు కదా అని మన కేసు గట్టిపడదు.

ఇప్పుడు పనికొచ్చే మాట. అదే నిబంధనలో ఒక వెసులుబాటు ఉంది. ఆడిటోరియం, కాన్ఫరెన్స్ హాలు, ఫంక్షన్ హాలు లాంటి మూసి ఉన్న చోట, సౌండ్ లోపలివాళ్లకే పరిమితమైతే రాత్రి కూడా నడుపుకోవచ్చు. అంటే మీ ప్రోగ్రాం గ్రౌండ్‌లో కాకుండా ఆడిటోరియంలో పెట్టుంటే కథ వేరేగా ఉండేది. గ్రౌండే కావాలంటే మైకు పర్మిషన్ రాతపూర్వకంగా ముందే తెచ్చుకోవాలి, పగలు కూడా అది లేకుండా బహిరంగంగా లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. ఇంకో సంగతి, విద్యాసంస్థలు, ఆసుపత్రులు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర సైలెన్స్ జోన్‌గా ప్రకటించే అధికారం ప్రభుత్వానికి ఉంది. మీ కాలేజీ చుట్టుపక్కల అలాంటి ప్రకటన ఉందేమో అడిగి తెలుసుకోండి, ఉంటే పగటి పరిమితి 50 డెసిబెల్సే, నీ డ్రమ్మర్ కర్ర పైకెత్తితేనే దాటిపోతుంది.

చట్టం సంగతి అలా ఉంచి, అసలు దోషి ఎవరో చెప్పనా? మీ ప్రోగ్రాం షీట్. ఐదింటికి అని వేస్తారు, ఏడింటికి జ్యోతి ప్రజ్వలన, ఆ తర్వాత ముఖ్య అతిథి, ఆయన తర్వాత స్పాన్సర్, శాలువాలు, మెమెంటోలు, డాన్సులు ఆరు, మళ్లీ ఒక స్పాన్సర్, చివర్లో "ఇప్పుడు మన కాలేజీ బ్యాండ్" అనేసరికి 9:50. మా టైంలో ఒకాయన తన చిన్నప్పటి కష్టాల దగ్గర మొదలుపెట్టి ముప్పావుగంట తర్వాత ఇంటర్‌మీడియట్‌కి వచ్చాడు. వచ్చే ఏడాది 9:45కి ఆఖరి పాట అని రాసుకుని అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేయండి, బ్యాండ్‌ని ఆరింటికి ఎక్కించండి, ఉపన్యాసాలు చివర్లో పెట్టండి. పోలీసులు ఉపన్యాసం మధ్యలో ఆపితే ఎవరూ బాధపడరు.

అయ్యా, నేను రిటైర్డ్ టీచర్ని. మా ఇంటి వెనకాలే ఓ కాలేజీ. ఏడాదికి మూడుసార్లు ఫెస్టులంటారు, కిటికీ అద్దాలు వణుకుతాయి. పిల్లల మీద నాకు కోపం లేదు, కానీ నా భార్యకు గుండె జబ్బు. ఫిర్యాదు చేస్తే పిల్లల భవిష్యత్తు పాడు చేసినవాణ్ణవుతానా?

కారండీ. ఫిర్యాదు అనగానే కేసులు, కోర్టులు అనుకుంటాం గానీ మీరడిగేది సౌండ్ తగ్గించమని. నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. దానికంటే 10 డెసిబెల్స్ ఎక్కువైతే, లేదా రాత్రిపూట ఆంక్షల్ని ఉల్లంఘిస్తే ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చని నిబంధనల్లోనే ఉంది. రాత్రి పది దాటితే 112కి ఫోన్ చేయండి, మొహమాటపడకండి.

10 డెసిబెల్సే కదా అని ఎవరైనా అంటే వాళ్లకి లెక్క తెలీదన్నమాట. డెసిబెల్ మామూలు కూడికల లెక్క కాదు. 3 పెరిగితే ధ్వని శక్తి రెట్టింపు, 10 పెరిగితే పదింతలు, చెవికి దాదాపు రెట్టింపు గట్టిగా వినిపిస్తుంది. మీ అద్దాల్ని వణికించేది పాట కాదండీ, బేస్, అంటే ఆ లోతైన మోత. గొంతూ గిటారూ గోడకి తగిలి చాలావరకు ఆగిపోతాయి, బేస్ అలలు పొడవైనవి, గోడల్ని లెక్కచేయవు. అందుకే మీకు పాట అర్థం కాదు, దడదడ మాత్రం వినిపిస్తుంది.

ఫిర్యాదు కంటే ముందు ఒక పని చేసి చూడండి. ఫెస్ట్‌కి వారం ముందు ప్రిన్సిపాల్‌కీ, స్టూడెంట్ కోఆర్డినేటర్లకీ ఒక కాగితం రాసివ్వండి, ఇంట్లో పేషెంట్ ఉన్నారని, స్పీకర్లు మీ వైపు తిప్పొద్దని, బేస్ పెట్టెలు అవతలి గోడ దగ్గర పెట్టమని. పిల్లలు వింటారు. వాళ్లకి ఇంతవరకూ ఎవరూ చెప్పి ఉండరు, తిట్టి ఉంటారంతే. (పైన గిటార్ తమ్ముడూ, నువ్వు కూడా ఇది చదువు.)

డ్రమ్స్ ప్రాక్టీస్ అయ్యాక రాత్రంతా చెవుల్లో గుయ్‌మంటోంది. మామూలేనా?

మామూలు కాదు. అది చెవి చెప్తున్న వార్నింగ్. 85 డెసిబెల్స్ సౌండ్‌లో రోజుకి 8 గంటలు ఉండొచ్చని వృత్తి ఆరోగ్య నిపుణులు వాడే లెక్క, అక్కణ్ణుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైం సగమైపోతుంది. 88కి 4 గంటలు, 91కి 2, 94కి ఒక గంట, 100కి వచ్చేసరికి 15 నిమిషాలే. చిన్న గదిలో తలుపులేసుకుని డ్రమ్స్ కొడితే 100 దాటడం కష్టమేం కాదు. మెడికల్ షాపులో దొరికే ఫోమ్ ఇయర్ ప్లగ్స్ పెట్టుకో. గుయ్‌మనడం ఒకటి రెండు రోజుల్లో తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లు, ఫోన్‌లో వీడియోలు చూస్తూ కూర్చోకు. పోయిన వినికిడి తిరిగి రాదు.

అన్నా, నేను ఎంఏ చదువుతున్నా, డప్పు నేర్చుకుంటున్నా. హాస్టల్లో అమ్మాయిలు "ఎవరి చావుకి?" అని నవ్వుతారు. ఇంట్లో చెప్పనేలేదు. ఇంకో డౌట్, మా గురువు వాయించే ముందు ప్రతిసారీ మంట పెట్టి డప్పు కాగబెడతారు, ఎందుకు?

రెండో ప్రశ్న తేలిక, ముందు అది. డప్పుకి వాడేది తోలు, చెక్క చట్రం మీద లాగి బిగించి కడతారు. తోలు గాల్లో తేమ పీల్చుకుని వదులవుతుంది, వదులైతే మోత మొద్దుగా ఉంటుంది. మంట దగ్గర పెడితే ఆ తేమ పోయి బిగుసుకుంటుంది, అప్పుడు గానీ ఆ టంగుమనే ఖంగు రాదు. గిటార్ వాడు బిరడాలు తిప్పి శ్రుతి చేసుకున్నట్టు డప్పు కళాకారుడు మంటతో చేసుకుంటాడు. ఎంత కాగాలో చేత్తో తట్టి చూసి తెలుసుకోవాలి, ఎక్కువైతే తోలు పగులుతుంది. వానాకాలం ప్రోగ్రాంలో మీ గురువుగారు స్టేజీ ఎక్కకముందు ఎంత టెన్షన్ పడతారో గమనించు.

కుడి చేతిలో లావుగా పొట్టిగా ఉండేది సిర్ర, ఎడమ చేతిలో సన్నంగా పొడుగ్గా ఉండేది చిటికెన పుల్ల. ఇవి నీకు తెలిసే ఉంటాయి, మిగతావాళ్ల కోసం రాశా. ఊరిని బట్టి డప్పు పేరు మారుతుంది, కొన్ని చోట్ల పలక అంటారు, కొన్ని చోట్ల తప్పెట.

ఇక మొదటిది. "ఎవరి చావుకి" అనే ఆ నవ్వులో కులం ఉంది, ఆ పిల్లలకి ఆ సంగతి తెలిసినా తెలియకపోయినా. ఊళ్లో చాటింపుకి, జాతరకి, చావుకి డప్పు కొట్టే పని మాదిగలకి అంటగట్టారు, ఆ వాయిద్యం లేకుండా ఊరికి ఏ పనీ జరగదు, వాయించేవాడికి మాత్రం ఊళ్లోకి చోటు లేదు. ఆ తర్వాత అదే డప్పు దళిత ఉద్యమాల్లో, తెలంగాణ ఉద్యమంలో ముందు నడిచింది, ఉస్మానియా యూనివర్సిటీ (ఓయూ) ఆర్ట్స్ కాలేజీ మెట్ల ముందు డప్పు మోగని సభ నాకు గుర్తు లేదు. నువ్వు వాళ్లకి ఇదంతా లెక్చర్ ఇవ్వక్కర్లేదు. ఒకరోజు హాస్టల్ టెర్రస్ మీదకి పిలిచి ఐదు నిమిషాలు వాయించు, కాళ్లు కదలకుండా ఎవరుంటారో చూద్దాం. ఇంట్లో ఎప్పుడు చెప్పాలో నీ ఇష్టం, దాని మీద నేనేం చెప్పినా సిటీలో కూర్చుని చెప్పినట్టే ఉంటుంది.

ఒక్కటి మాత్రం అడుగుతా. మీ గురువుగారికి ఫీజు ఇస్తున్నావా? గిటార్ క్లాసుకైతే నెల మొదట్లోనే కట్టేస్తాం.

బోనాలకి, బరాత్‌లకి వాయించే తీన్‌మార్ సినిమావాళ్లు పుట్టించిందే అని మా రూమ్మేట్ బెట్ కట్టాడు. నేను కాదన్నా. ఎవరు గెలిచినట్టు?

నువ్వే. ఎంతకి కట్టావో రాయలేదు, అడిగి తీసుకో.

తీన్‌మార్ పేరులోనే ఉంది, మూడు దెబ్బల వరస. హైదరాబాద్‌లో దాని వెనక మర్ఫా అనే వాయిద్యాల దరువు ఉంది. నిజాంల కాలంలో యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బులు, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు ఇక్కడి సైన్యంలో పనిచేశారు. వాళ్లతో పాటు వాళ్ల తాళాలూ వచ్చాయి. మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అనే బస్తీ ఉంది కదా, చాలామంది అక్కడేదో ఎయిర్ కండిషన్ల గోడౌన్ ఉండేదనుకుంటారు (నేనూ మొదటి ఏడాది అలాగే అనుకున్నా). ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం అశ్వదళం వాళ్ల నివాసం అది. పాతబస్తీ చివర బార్కస్ కూడా అంతే, బ్యారక్స్ అనే మాట అరిగి అరిగి బార్కస్ అయింది. ఆ బస్తీల్లో పెళ్లికి మోగిన డోలు, డఫ్, కర్రలతో కొట్టే లోహపు గిన్నె, ఇవన్నీ కలిసి హిందువుల పెళ్లికీ, ముస్లింల పెళ్లికీ, గణేశ్ నిమజ్జనానికీ, బోనాలకీ అన్నింటికీ ఒకటే దరువైపోయాయి. దీన్ని ఎవరో కూర్చుని కలపలేదు, జనం కాళ్లు కలిపాయి.

ఇప్పుడు మర్ఫా జట్లకి పోటీ లారీ మీద పెట్టిన డీజే పెట్టెలు. ఆ పెట్టెల్లోంచి వచ్చేదీ చాలాసార్లు మర్ఫా దరువే, రికార్డు చేసింది. దరువు బతికే ఉంది, కొట్టేవాడికే పని లేదు. మీ కాలేజీ ఫెస్ట్‌లో ఊరేగింపు ఉంటే డీజేకి పెట్టే డబ్బులతో ఒక మర్ఫా జట్టుని పిలిచి చూడండి, సాయంత్రం పూట పిలవండి, పైన రిటైర్డ్ టీచర్ గారు కూడా కిటికీ తెరుస్తారేమో.

మా బ్యాండ్ సినిమా పాటలు వాయిస్తుంది. ఫెస్ట్‌లో పాడితే ఏమీ కాలేదు గానీ వీడియో పెడితే కాపీరైట్ అని వచ్చింది. స్టేజీ మీద లేని తప్పు ఫోన్‌లో ఎలా వచ్చింది?

రెండూ వేరు వేరు. 1957 కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52 కింద కొన్ని మినహాయింపులున్నాయి. కాలేజీ కార్యక్రమంలో భాగంగా స్టూడెంట్లు, స్టాఫ్ పాట పాడితే, వినేవాళ్లు కూడా కాలేజీవాళ్లు, తల్లిదండ్రులు, కాలేజీతో సంబంధం ఉన్నవాళ్లయితే ఎవరి అనుమతీ అక్కర్లేదు. బయటివాళ్లకి టికెట్ అమ్మితే ఆ గొడుగు కిందికి రాదు, లైసెన్స్ తీసుకోవాలి. వీడియో పెట్టడమంటే లోకం మొత్తానికి వినిపించడం, దానికీ ఈ మినహాయింపు లేదు. చాలాసార్లు వీడియో తీసేయరు, దాని మీద వచ్చే డబ్బులు హక్కుదారుకి పోతాయంతే. మీ వీడియోకి వచ్చేది ఎంతో మనకి తెలుసు కాబట్టి దాని మీద ఏడవకండి.

కవర్‌ని, అంటే ఇంకొకరి పాటని మీరు మళ్లీ పాడినదాన్ని, ఆడియోగా రిలీజ్ చేయాలంటే చట్టంలో ఒక దారి ఉంది, పాట మొదట రికార్డయిన ఏడాది ముగిశాక ఐదేళ్లు ఆగాలి, ముందుగా నోటీసు ఇవ్వాలి, రాయల్టీ కట్టాలి, ఆ రాయల్టీ కూడా ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన. మీ బ్యాండ్‌కి అంత ఉందా? లేదు కదా. అందుకే సొంత పాటలు రాసుకోండి, లేదా పాతవి తీసుకోండి. రచయిత చనిపోయిన 60 ఏళ్ల తర్వాత రచన అందరిదీ అవుతుంది. త్యాగరాజస్వామి పోయింది 1847లో, ఆయన కీర్తనని మీరు రాక్ చేసినా ఎవరూ నోటీసు పంపరు (తిట్టేవాళ్లుంటారు, అది వేరే సంగతి). అయితే ఆ కీర్తనని ఎవరో పాడి రికార్డు చేసిన ట్రాక్ మాత్రం వాళ్లదే, దాన్ని కోసి వాడకూడదు.

జానపదం అని పెట్టి పాడేవాళ్లకి ఒక మాట. జానపదమంటే ఎవరిదీ కాదు అనుకుంటాం. చాలా "జానపదాలు" ఎవరో ఒకాయన పదేళ్ల కిందట రాసినవే, ఆయన ఇప్పటికీ ఏదో మండలంలో బతికే ఉంటాడు, అడగకుండా పాడేసి కింద "సాంప్రదాయం" అని రాస్తారు. అడిగితే సంతోషంగా ఇస్తాడు, పేరు వేయండి చాలు అంటాడు.

హాస్టల్ నుంచి కాలేజీకి ఉన్న రోడ్డులో లైట్లు వెలగవు, వానొస్తే మోకాలి దాకా నీళ్లు, బస్సు స్టాపులో ఆగదు. కార్పొరేటర్ ఆఫీసుకి వెళ్తే "మీ ఓటు ఇక్కడ లేదుగా" అన్నారు. ఏం చేయాలి?
*— ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన డిగ్రీ సెకండియర్ అమ్మాయి*

ఆ మాట అన్నవాళ్లకి సిగ్గుండాలి, ఓటున్నా లేకపోయినా గుంట గుంటే. కానీ వాళ్లు నీకో మంచి ఉపాయం కూడా చెప్పారు చెల్లీ, ఓటు ఇక్కడికి తెచ్చుకో.

హాస్టల్లో ఉండే స్టూడెంట్‌కి సొంతూళ్లో ఓటు ఉంచుకోవాలా, చదువుకునే చోట నమోదు చేయించుకోవాలా అన్నది తన ఇష్టమే, ఎన్నికల సంఘం చెప్పిందే ఇది. కోర్సు గుర్తింపు ఉన్నదై కనీసం ఏడాది కాలం ఉండాలి, ప్రిన్సిపాల్ దగ్గర్నుంచి బోనఫైడ్ (అక్కడ చదువుతున్నట్టు రాసిచ్చే కాగితం) కావాలి. కొత్తగా నమోదుకి ఫారం 6, ఇప్పటికే ఊళ్లో ఓటుంటే మార్చుకోవడానికి ఫారం 8. రెండు చోట్లా ఉంచుకోవడం మాత్రం నేరం. ఇదివరకు జనవరి 1కి 18 నిండాలనేవారు, ఇప్పుడు ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1 కూడా లెక్కే, 17 నిండినవాళ్లు ముందుగానే అప్లై చేసి పెట్టుకోవచ్చు. 2020 డిసెంబర్ 1న జీహెచ్ఎంసీ ఎన్నికలు జరిగితే సిటీలో సగం మంది కూడా ఓటేయలేదు. అలాంటి చోట ఒక హాస్టల్ బిల్డింగంతా ఒకే డివిజన్‌లో నమోదైతే ఆ ఆఫీసులో కుర్చీ వేస్తారు, టీ ఇస్తారు.

అయితే కార్పొరేటర్ దగ్గరికి అన్నీ తీసుకెళ్లావు, అక్కడ తప్పు నీదీ కొంచెం ఉంది. లైట్లు, రోడ్డు గుంటలు, వాన నీటి కాలవ, బస్ షెల్టరు కార్పొరేషన్‌వి. డ్రైనేజీ పొంగితే వాటర్ బోర్డు. వైరు తెగి వేలాడుతుంటే కరెంటు వాళ్లు. బస్సు ఆగకపోతే ఆర్టీసీ, ఆ రూటు నడిపే డిపో మేనేజర్‌కి బస్సు నంబరు, తేదీ, టైం రాసివ్వాలి, "రోజూ ఆగదు" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఫలానా తేదీన 8:10కి ఫలానా బస్సు ఆపలేదు అని పదిమంది సంతకాలతో ఇస్తే డ్రైవర్‌ని పిలిచి అడుగుతారు. 2023 డిసెంబర్ 9 నుంచి అమ్మాయిలకి బస్సు చార్జీ లేదు కదా, అందుకే ఆపట్లేదని కొందరంటారు. బస్సులు సరిపోక కిక్కిరిసి వస్తున్నాయన్నది మాత్రం రోజూ చూస్తున్నదే, అదీ రాయండి ఆ కాగితంలో.

మా యూనివర్సిటీలో ప్రతి ఏడాదీ "కల్చరల్ ఫీజు" కట్టించుకుంటారు. మైకు సెట్టు కూడా మేమే చందాలేసుకుని తెచ్చుకుంటాం. ఆ డబ్బేమైంది అని అడిగితే క్లర్కు నవ్వాడు.

క్లర్కుని అడిగితే నవ్వుతాడు. సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రభుత్వ యూనివర్సిటీ అయితే పౌర సమాచార అధికారి ఉంటాడు, ఆయన పేరు మీద తెల్లకాగితం మీదే రాయొచ్చు, ఫీజు 10 రూపాయలు, జిరాక్సుకి పేజీకి 2 రూపాయలు. ప్రశ్న ఎలా అడుగుతావన్నదే అసలు విద్య. "డబ్బులు ఎవరు తిన్నారు" అని రాస్తే సమాచారం లేదు అని వస్తుంది. గత మూడేళ్లలో ఏ ఏడాది ఈ పద్దు కింద ఎంత వసూలైంది, ఎంత ఖర్చయింది, ఖర్చు వోచర్ల నకళ్లు ఇవ్వండి అని రాయి. కారణాలు అడగొద్దు, కాగితాలు అడుగు. ఇవ్వకపోతే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్. ప్రైవేటు కాలేజీ అయితే నేరుగా అడగలేవు, ఆ కాలేజీ గురించి యూనివర్సిటీ దగ్గరో, ప్రభుత్వం దగ్గరో ఉన్న కాగితాలు మాత్రం అడగొచ్చు.

నీ ఒక్కడి పేరు మీద కాకుండా నలుగురు తలా ఒక దరఖాస్తు పెట్టండి. ఒక్కడే అయితే గుర్తుపెట్టుకుంటారు.

మా క్యాంపస్‌లో మా పాటలు వేసుకునే రేడియో పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, కానీ లైసెన్స్ నీకు రాదు, కాలేజీకో యూనివర్సిటీకో వస్తుంది. 2002లో విద్యాసంస్థలకి, 2006లో స్వచ్ఛంద సంస్థలకి కమ్యూనిటీ రేడియో అనుమతి ఇచ్చారు. ట్రాన్స్‌మిటర్ నుంచి వెలువడే ప్రసార శక్తి మామూలుగా 100 వాట్లకి మించకూడదు, చుట్టుపక్కల కొద్ది కిలోమీటర్లు వినిపిస్తుంది, కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికులతో కలిసి చేసినవై ఉండాలి, సొంత వార్తలు చదవకూడదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ)లో బోల్ హైదరాబాద్ 90.4 ఇలాంటిదే. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 2008లో మొదలైన సంఘం రేడియోని దళిత మహిళలు నడిపారు, వాళ్ల దగ్గర ఇంజినీరింగ్ డిగ్రీలు లేవు. మీ దగ్గర ఉన్నాయి. వెళ్లి చూసి రండి.

హాస్టల్ మెస్సు మీద ఒక పాట కట్టి పాడాను. అందరూ నవ్వారు, వార్డెన్ తప్ప. సస్పెండ్ చేస్తానంటున్నారు. పాటకి కూడా సస్పెన్షనా?

పాటకి పంపించేయడం మన దగ్గర కొత్త కాదు. 1938లో ఓయూ హాస్టల్ విద్యార్థులు ప్రార్థనలో వందేమాతరం పాడితే అధికారులు వద్దన్నారు, పిల్లలు సమ్మె కట్టారు, వందలమందిని పంపించేశారు. అప్పటికి ఆర్ట్స్ కాలేజీ రాతి భవనం ప్రారంభం కూడా కాలేదు, అది 1939 డిసెంబర్‌లో. బయటికొచ్చిన చాలామందిని నాగపూర్ యూనివర్సిటీ చేర్చుకుంది, ఆ ఉద్యమంతో ఇక్కడ చదువు ఆగి అక్కడికెళ్లి చదువుకున్నవాళ్లలో పీవీ నరసింహారావు ఒకరు. నీ పాట సాంబార్ గురించి కాబట్టి అంత దూరం పోదులే.

నోటితో చెప్పిన సస్పెన్షన్‌కి భయపడకు. "దయచేసి కారణం రాసివ్వండి" అని మర్యాదగా అడుగు. సగం బెదిరింపులు కాగితం అడగ్గానే ఆగిపోతాయి. రాసిస్తే దానికి రాతపూర్వకంగానే జవాబివ్వు. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి విద్యాసంస్థలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, అది 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి, నీకు నచ్చకపోతే ఆ పైన అంబుడ్స్‌పర్సన్‌కి, అంటే ఇలాంటి అప్పీళ్లు వినడానికి పెట్టిన అధికారికి, అప్పీలు చేసుకోవచ్చు. పాటలో వార్డెన్ గారి పేరు, ఆయన నడక, ఆయన బట్టతల ఉన్నాయా? ఉంటే ఆ చరణం తీసెయ్. సాంబార్ చరణం ఉంచు. నాకూ పంపు.

అన్నా, ప్రతి నెలా మా బ్యాండ్ తగవులన్నీ తీరుస్తావు. నువ్వు ఏ బ్యాండ్‌లో వాయించేవాడివి? ఎందుకు మానేశావు?

పేరు చెప్పను, మిగతా ముగ్గురూ ఇప్పుడు పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు. మొత్తం మూడు ప్రోగ్రాంలు చేశాం. మొదటిది పదింటికి పోలీసులు ఆపారు. రెండోది తొమ్మిదిన్నరకే జనం ఆపారు. మూడోది మా బేస్ ప్లేయర్ పెళ్లి, స్టేజీ మీద మేం నాలుగో పాట మొదలుపెట్టేసరికి గేటు దగ్గర మర్ఫా మోగింది, పెళ్లికొడుకుతో సహా అందరూ అటెళ్లిపోయారు. గిటార్ పెట్టెలో పెట్టేసి నేనూ వెళ్లా.